తప్పు దిద్దు యంత్రముల వెల

భారతప్రభుత్వమువారు 2021వ సంవత్సరము డిసెంబరు మాసమున అర్ధవాహక పరిశ్రమ నిమిత్తము 76,000 కోట్ల రూపాయల కార్యక్రమము నొకదానిని ప్రకటించిన నాటినుండి మన పత్రికలలోను సభలలోను చిప్పులనుగూర్చిన ప్రసంగమునకు కొఱత లేదు. ఏ రాష్ట్రమున ఫ్యాక్టరీ పెట్టుదురు, ఎన్ని యెకరముల భూమి యిత్తురు, ఎందఱికి కొలువులు దొరకును అనునవియే ప్రశ్నలు. ఇవి అడుగదగిన ప్రశ్నలే. గాని ఆ చిప్పులో నేమి యుండవలయును, దానిచేత తక్కువ వెలకు పని చేయించు యుక్తి యెవరి సొత్తు కావలయును అను ప్రశ్న నడుగువారు అరుదు. అట్టి ప్రశ్నలలో నొకదానిని, పైకి మిక్కిలి చిన్నదిగా గానవచ్చుదానిని, నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము. అది సెల్‌ఫోనునందును టవరునందును దాగియుండి, దారిలో చెడిన వార్తను దిద్ది యొప్పగించు యంత్రభాగమును గూర్చినది. ఇంగ్లీషున దానిని డీకోడ రందురు. మేమును ఆ మాటనే వాడెదము. కొత్త సంస్కృతసమాసము నొకదానిని కల్పించి పాఠకులను శ్రమపెట్టుట మాకిష్టము లేదు.

గాలిలో పోవు సందేశము చెడుట సహజము. ఉఱుము, వాన, అడ్డముగా నున్న కొండ, పొరుగు టవరు కేక, తుదకు యంత్రములోని వేడిమి సయితము దానిని చెఱచును. పంపినవాడు 1 అని పంపగా పుచ్చుకొన్నవాడు 0 అని వినును. దీనికి మందు మన పెద్దలెఱుగనిది కాదు. వేదమును వ్రాతకెక్కింపక నోటనే నిలిపినవారు పదములను వరుసగా జెప్పి యూరకుండలేదు. క్రమపాఠమున రెండేసి పదములు కలిపిరి. జటయందు వానిని ముందునకు, వెనుకకు, మరల ముందునకు చెప్పిరి. ఘనమందు మూడవ పదమును జేర్చి మఱియు త్రిప్పిరి. ఒకచోట తప్పినది వేఱొకచోట బయటపడును. మన పద్యమునందలి యతిప్రాసలును అట్టి పనినే చేయును. తాళపత్రమును నకలు చేయువాడు ప్రాసాక్షరమును మార్చినయెడల, మూలమును చూడని పండితుడు సయితము తప్పిచ్చట నున్నదని వ్రేలు పెట్టి చూపగలడు. పెక్కుసారులు సరియైన యక్షర మేదియో కూడ చెప్పగలడు. సందేశముపై కొంత యదనపు భారము నెక్కించి, అసలుదానికిని అదనపుదానికిని నడుమ నొక నియమమును గల్పించి, నియమము తప్పినచోట దిద్దుకొనుట యనునదియే యీ విద్య.

అయితే ఇందొక చిక్కు గలదు. నియమము ప్రకారము అదనపు అక్షరములను చేర్చుట సులభము. చెడినదానిని చూచి, చెడకముందు అది యేమై యుండునో కనిపెట్టుట కష్టము. తాళపత్రమును నకలు తీయుటకు వ్రాయసకాడు చాలును. చెడిన ప్రతులను సరిచూచి పాఠమును నిర్ణయించుటకు పండితుడు కావలయును. వ్రాయసకాని కూలియు పండితుని సంభావనయు నొకటి కావు. డిజిటల్ వార్తాప్రసారమున దిద్దుబాటుకగు వ్యయములో నధికభాగము ఈ పండితుని సంభావనయే. దానిని తగ్గించుట యెట్లు, తగ్గించునప్పుడు పోగొట్టుకొనున దేమి, పోయినది యెవరి లెక్కలో పడును అనునవి నేటి మా విచారణకు విషయములు.

1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు క్లాడ్ షానన్ అను గణితవేత్త ప్రతి వార్తామార్గమునకును ఒక హద్దు గలదనియు, ఆ హద్దునకు లోబడిన వేగముతో పంపునంతవరకు దోషములను కోరినంత తక్కువకు దింపవచ్చు ననియు ఋజువు చేసెను. అట్టి కోడులున్నవని చెప్పెనే గాని వానిని విప్పు యంత్ర మెట్లుండునో చెప్పలేదు. అదే ప్రయోగశాలలోని రిచర్డ్ హామింగు వారాంతములందు తన లెక్కలను రిలేయంత్రమున కప్పగించి పోగా, ఆ యంత్రము తప్పు కనిపెట్టినంతనే లెక్కను నడుమ విడిచిపెట్టుచుండెనట. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము, తప్పెక్కడ నున్నదో తెలిసికొని యేల దిద్దుకొనరాదని అతడు విసిగి యోచించి, 1950లో తన కోడును ప్రకటించెను. నాలుగు బిట్ల వార్తకు మూడు బిట్లు చేర్చిన చాలును. ఏడింటిలో ఏ యొక్కటి చెడినను దిద్దవచ్చును.

ఇందు మనవారి పాలు లేకపోలేదు. కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థయందు పెరిగిన రాజచంద్ర బోసుగారును, వారి శిష్యుడు రాయచౌధురిగారును 1960లో ప్రకటించిన కోడులు, అంతకు మునుపే 1959లో వానినే కనుగొనిన ఫ్రెంచి పండితుడు హాకెంగెమ్ పేరును గలుపుకొని, బి.సి.హెచ్. అను నామముతో నేటికిని ప్రపంచమంతట వాడుకయందున్నవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, నూటరెండేండ్లు జీవించి 2023లో కీర్తిశేషులైన మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1947లో, తక్కువ ప్రయోగములతో పెక్కు కలయికలను పరీక్షించుటకై రచించిన సిద్ధాంతము, హామింగు కోడుల విద్యకు మాఱురూపమేనని తరువాతివారు గుర్తించిరి. ఏ మడిలో నే విత్తనము, ఏ యెరువు వేసి చూడవలయునను ప్రశ్నకును, ఏ బిట్టును ఏ పరీక్షలో చేర్చవలయునను ప్రశ్నకును లోపల నొకటే గణితమని తెలిసినప్పుడు ఆశ్చర్యము కలుగకపోదు. గణితమున మనకు లోటు లేదు. లోటు మఱియొకచోట నున్నది; దానిని తరువాత ప్రస్తావింతుము.

యంత్రపు వెల యెంత పని చేయునో తెలిసికొనుటకు రాబర్టు గాలగర్ కథను మించిన దృష్టాంతము లేదు. 1960లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున తన పరిశోధనగ్రంథమునందు అతడొక కోడును ప్రతిపాదించెను. నేడు దానిని ఎల్.డి.పి.సి. అందురు. దాని కీలక మిది: నియమములు పెక్కు, కాని ఒక్కొక్క నియమమునందు పాల్గొను బిట్లు మిక్కిలి కొద్ది. ప్రతి నియమమును, తనలోని 1ల సంఖ్య సరిసంఖ్య కావలయునని మాత్రమే కోరును. బిట్లును నియమములును తమలో తాము అభిప్రాయములను ఇచ్చిపుచ్చుకొనుచు, పలుమాఱు సంప్రదించుకొని, క్రమముగా నొక నిర్ణయమునకు వచ్చును. ఆలోచన యెంత చక్కనిదైనను, ఇన్ని సంప్రదింపులు జరుపగల యంత్రమును నాటి పరికరములతో సరసమైన వెలకు కట్టుట సాధ్యము కాలేదు. కావున పండితలోకము దానిని దాదాపు మఱచెను. 1993లో ఫ్రాన్సు దేశీయులగు బెర్రూ మున్నగువారు టర్బో కోడులను ప్రకటించి, సంప్రదింపులచేతనే షానను హద్దున కతిసమీపమునకు పోవచ్చునని చూపినప్పుడు గాని ఎవరికిని పాత గ్రంథము జ్ఞప్తికి రాలేదు. 1996లో మెకే, నీల్ అను పండితులు గాలగరు కోడును తిరిగి వెలికిదీసిరి. నడుమ గడచినవి ముప్పదియాఱు సంవత్సరములు! 2001లో నలుగురు పండితులు షానను హద్దునకు 0.0045 డెసిబెల్లు దూరములో నిలువగల కోడును రూపించి చూపిరి. అది కాగితముమీది విజయము. దానిని సెల్‌ఫోనులో నెవ్వరును పెట్టుకొనలేదు, పెట్టుకొనలేరు. అంత పొడవైన కోడును విప్పునట్టి యంత్రమును జేబులో మోయువా డెవడు?

అంతరిక్షయాత్రలయందు ఈ చిక్కు లేకుండెను. 1967లో ఆండ్రూ విటెర్బి ప్రకటించిన పద్ధతియందు డీకోడరు సాధ్యములైన స్థితుల నన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి, ఒక్కొక్కదానికి వచ్చు రెండు దారులలో మంచిదానిని నిలిపి రెండవదానిని త్రోసివేయును. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకల కోడు పొడవు 7, స్థితులు 64. పొడవున కొక్కటి చేర్చినప్పుడెల్ల స్థితులు రెండింత లగును. గెలీలియో నౌకకొఱకు పొడవు 15 గల కోడును విప్పుటకు అమెరికావారు కట్టిన యంత్రము 16,384 స్థితులను మోయవలసి వచ్చెను. నౌకలోని వ్రాయసకానికి కొన్ని రిజిష్టరులు చాలినవి. భారమంతయు భూమిపైని పండితునిమీద పడినది. నేలమీద కట్టవలసినది ఒకటో రెండో యంత్రములు. ఖరీదు ఒక దేశపు ఖజానా భరించినది. సెల్‌ఫోనునందో, పండితుడు ప్రతి జేబులోను కూర్చుండవలయును, జేబులోని చిన్న బ్యాటరీతోనే జీవింపవలయును. వెలను తగ్గించు విద్య నిజముగా నక్కఱకు వచ్చినది ఇచ్చట.

ఆ విద్య యెట్టిదో కొంత వివరింతుము. పాఠకులు ఓపికతో చదువుదురుగాక. ఇందు కష్టమైన లెక్క లేదు.

మొదటిది అరకల లెక్క. నూఱెకరముల పొలమును ఒక్క దినములో దున్నవలయునన్నచో నూఱు అరకలు కావలయును. పదును దాటకుండ పది దినములలో ముగించిన చాలునన్నచో పది అరకలతో సరిపోవును. డీకోడరునందును ప్రతి నియమమునకు వేఱువేఱు యంత్రభాగమును కట్టినచో పని శీఘ్రముగా ముగియును, గాని వెల భరింపరానిది. 2002లో బెల్ ప్రయోగశాలల పరంపరకు చెందిన యింజనీర్లు ఇట్లు అన్ని అరకలను ఒక్కమాఱు పూన్చి, సెకండునకు నూఱుకోట్ల బిట్లను దిద్దు చిప్పును కట్టి చూపిరి. కోడు పొడవు 1,024 బిట్లు మాత్రమే. అయినను చిప్పు వైశాల్యము 52.5 చదరపు మిల్లీమీటర్లు. అందు ఇంచుమించు సగము మాత్రమే లెక్కచేయు భాగములకు దక్కెను. తక్కినది ఇటునుండి అటు, అటునుండి ఇటు పోవు తీగల కొఱకు విడువవలసి వచ్చెను. ఎవరి యభిప్రాయమైనను ఎవరికైనను పోవలసియున్నప్పుడు దారులకే పొలము సగము పోవుట వింత కాదు.

దారుల చిక్కును విడదీసినది కోడు కూర్పునందే చేసిన మార్పు. నియమములను విచ్చలవిడిగా వేయక, చిన్నపట్టిక నొకదానిని గీసి, అందలి ఒక్కొక్క గడిని, మడతను విప్పినట్లు, పెద్ద చక్రముగా విస్తరించిరి. నేటి 5జీ ప్రమాణములోని పెద్ద పట్టిక 46 వరుసలు, 68 నిలువులు గలది. అందు నిండిన గడులు 316 మాత్రమే. ఒక్కొక్క గడిని 384 ఇంతలకు విప్పినచో మొత్తము 1,21,344 బంధము లేర్పడును. కాని యంత్రము వాని నన్నిటిని గుర్తుంచుకొన నవసరము లేదు. ఒక్కొక్క చక్రము ఎన్ని మెట్లు తిరిగియున్నదో చెప్పు 316 సంఖ్యలను గుర్తుంచుకొనిన చాలును. చిక్కుబడిన తీగల యడవికి బదులు, బిట్లను గుండ్రముగా త్రిప్పు మీట యొకటి పెట్టిరి. ఇదియు, పని జరుగు వరుసయందు చేసిన మఱియొక మార్పును గలసి, అరకల సంఖ్యను తగ్గించినను పదును దాటకుండ కాపాడినవి. ఆ రెండవ మార్పేమన, నియమము లన్నియు ఒక్కమాఱుగా మాటలాడి పిమ్మట బిట్లు వినుటకు బదులు, ఒక వరుస నియమముల తీర్పును వెంటనే తరువాతి వరుసకు వినిపించుట. తాజా వార్త చేతనున్నవాడు త్వరగా నిర్ణయించును. సంప్రదింపుల విడతలు దాదాపు సగమునకు దిగినవి.

మాకు మిక్కిలి నచ్చిన యుపాయము మాత్రము వేఱు. ఒక నియమములో పాల్గొను బిట్లు తమ యభిప్రాయమును, దాని దార్ఢ్యమును చెప్పునుగదా. ఆ దార్ఢ్యములను కలిపి, 'తక్కినవారి మాటనుబట్టి నీ విట్లుండవలయును' అని నియమము ప్రతి బిట్టునకును చెప్పుటకు గాలగరు గణితము ప్రకారము సంవర్గమానములతో గూడిన కఠినమైన లెక్క చేయవలయును. యింజనీర్లు దానిని విడిచి యిట్లు యోచించిరి: చెఱువుకట్ట ఎంత పొడవున్నను, నీరు నిలుచునది కట్ట యెక్కడ పల్లముగా నున్నదో అంతవఱకే. అట్లే పదిమంది మాటలనుబట్టి వచ్చు తీర్పు, అందఱిలో నెవని మాట బలహీనమో వాని మాటకంటె బలమైనది కాజాలదు. కావున కఠినమైన లెక్క మాని, అందఱిలో తక్కువ దార్ఢ్యమును వెదకి దానినే చెప్పుట చాలునని తీర్మానించిరి. దీనివలన లెక్కచేయు భాగము తేలికపడినది. అంతకంటె ముఖ్యముగ జ్ఞాపకముంచుకొనవలసినది తగ్గినది. 5జీ పట్టికలో నొక నియమమున 19 బిట్ల వరకు పాల్గొనును. ఒక్కొక్క మాటకు గుర్తునకు ఒక బిట్టు, దార్ఢ్యమునకు నాలుగు బిట్లు అనుకొందము. పాతలెక్కన 95 బిట్లు దాచవలయును. కొత్తలెక్కన నియమము చెప్పు దార్ఢ్యములు రెండే: అందఱికిని అన్నిటికంటె తక్కువది, ఆ తక్కువది యెవడు చెప్పెనో వానికి మాత్రము రెండవ తక్కువది. అనగా రెండు దార్ఢ్యములకు 8 బిట్లు, ఆ యొక్కని స్థానమునకు 5, గుర్తులకు 19, వెరసి 32. మూడింట రెండుపాళ్లు మిగిలినది! డీకోడరు వెలలో మెమొరీయే పెద్దపద్దు అగుట తెలిసినవారికి ఇది యెంతటి లాభమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఇందు గణితమునకు కొంత యన్యాయము జరుగకపోలేదు. పల్లమును మాత్రమే చూచు నియమము తన తీర్పును ఉండవలసినదానికంటె గట్టిగా చెప్పును. అందుచే వచ్చిన దార్ఢ్యమును నాలుగింట మూడువంతులకు తగ్గించు వాడుక యేర్పడినది. గుణకారయంత్ర మేమియు నక్కఱలేదు. సగమును, సగములో సగమును కూడిన చాలును. ఈ చిన్నసవరణతో పోగొట్టుకొనిన బలములో నధికభాగము తిరిగి వచ్చుచున్నది. ఇక వార్త యప్పటికే చక్కబడి నియమములన్నియు తృప్తిపడినచో విడతలను మిగుల్చుకొని పని నాపివేయుటయు గలదు. ఆకాశము నిర్మలముగ నున్న దినమున పండితుడు రెండుమూడు విడతలలో పుస్తకము మూసివేయును, బ్యాటరీ మిగులును.

పై యుపాయములన్నియు సత్ఫలము లిచ్చినవే. ఇంతవరకు మెచ్చుకొంటిమి. ఇక హెచ్చరిక చేయవలసిన భాగమునకు వచ్చుచున్నాము.

వెల తగ్గించుట యనునది రెండు విధములు. వ్యర్థమైన పనిని గుర్తించి మానుట యొకటి. చేయవలసిన పనిని సగము చేసి భారము పరులపై నెట్టుట మఱియొకటి. సంతలో చూచినప్పుడు రెండును ఒక్కతీరుగనే కనబడును, రెండింటికిని చౌక యనియే పేరు. ఉదాహరణమునకు, దార్ఢ్యమును నాలుగు బిట్లకు బదులు రెండు బిట్లతో చెప్పించినచో చిప్పు ఇంకను చిన్నదగును. దానివలన 0.2 డెసిబెల్లు నష్టమైనదనుకొందము. అంకె చిన్నదే. కాని ఆ నష్టమును పూడ్చుటకు పంపువాడు నూటికి ఇంచుమించు 5 పాళ్లు అదనపు శక్తిని వెచ్చింపవలయును. ఫోనులోని చిప్పున మిగిలిన కొన్ని పైసలు టవరు క్రింది డీజిలు ఖాతాలోనో, ఫోను బ్యాటరీలోనో తిరిగి ఖర్చు వ్రాయబడును. టవరు శక్తి పెంచుటకు వీలులేనప్పుడు ఆ టవరు వెలుగునకు అంచున నున్న పల్లె లెక్కలో పడును. పట్టణమున టవరు క్రిందనే నివసించువానికి ఈ తేడా తెలియదు. ఊరికి నాలుగుమైళ్ల దూరమున పొలముగట్టుపై నిలిచి, మార్కెట్టు ధర కనుగొనుటకో, వైద్యుని పిలుచుటకో ఫోను పట్టుకొన్న రైతునకు తెలియును. డబ్బు మిగిలినవా డొకడు, చెల్లించువాడు వేఱొకడు అగునప్పుడు దానిని పొదుపు అనుటకు మాకు నోరు రాదు.

ఇంతకంటె సూక్ష్మమైన యపాయ మొకటి గలదు. సంకేతము బలపడిన కొలది దోషములు వేగముగ తగ్గవలయును. ఎల్.డి.పి.సి. కోడులలో కొన్ని బిట్లు ముఠాగా నేర్పడి, ఒకని తప్పును మఱియొకడు సమర్థించుకొనుచు, ఎన్ని విడతలు సంప్రదించినను మొండిగా నిలుచును. అందుచే దోషములు కొంతవరకు తగ్గి, ఆపై నేల తగిలినట్లు ఆగిపోవును. అభిప్రాయములను మోటుగా చెప్పించి చౌకచేసిన యంత్రములలో ఈ నేల ఎత్తుగా నుండుట పెక్కుమాఱులు చూడబడినది. దీనిని ముందుగా కనిపెట్టుట సులభము కాదు. పదికోట్ల కోట్ల బిట్లలో నొక్కటి మాత్రమే తప్పవచ్చునని నిర్ణయించితిమనుకొనుడు. ఆ యొక్క తప్పును చూచుటకు, సెకండునకు పదిలక్షల బిట్లను విప్పు మామూలు కంప్యూటరు ముప్పదియొక్క యేండ్లకు పైగా నడువవలయును. సెకండునకు నూఱుకోట్ల బిట్లను విప్పు అసలు చిప్పే చేతనుండినచో పండ్రెండు దినములలో తెలియును. కావున యంత్రమును స్వయముగా కట్టి నడపిచూడనివాడు దానినిగూర్చి ఇచ్చు హామీకి విలువ తక్కువ. ఉపగ్రహ టెలివిజనుకొఱకు డి.వి.బి.-ఎస్.2 ప్రమాణమును వ్రాసినవారు ఈ సంగతి యెఱిగి, 64,800 బిట్ల ఎల్.డి.పి.సి. కోడునకు వెలుపల బి.సి.హెచ్. కోడును కావలి యుంచి, 12 తప్పుల వరకు అది దిద్దునట్లు ఏర్పఱచిరి. కొత్త పండితుడు విడిచిన తప్పులను బోసుగారి పాతకోడు వెనుకనుండి ఏఱుచున్నది. ఈ కావలిని సయితము ఖర్చని తీసివేయజూచు వర్తకులు లేకపోరు.

మన లోటు మఱియొకచోట నున్నదంటిమి. లోకములో చిప్పులను రూపించు యింజనీర్లలో ఇంచుమించు అయిదవవంతు భారతీయులని మన ప్రభుత్వమువారే చెప్పుకొనుచున్నారు. వారిలో హైదరాబాదు, బెంగుళూరు నగరములందు పనిచేయు తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. పైన వర్ణించిన యుపాయములను ఆచరణలో పెట్టుచున్న చేతులలో మన చేతులును గలవు. కాని ఆ చేతులు చేసిన పనిపై హక్కు పెక్కుచోట్ల పరదేశపు కంపెనీలది. టర్బో కోడుల పేటెంటు ఫ్రాన్సు టెలికాం వారి చేతనుండి 2013లో గడువు తీరెను. అంతవరకు 3జీ, 4జీ యంత్రములు చేయువారు వారి యనుమతిని లెక్కలోనికి తీసికొనవలసినవారే. గాలగరు కోడు తిరిగి లేచునప్పటికి దానిపై హక్కులు ఎన్నడో తీరిపోయినవి; కోడు అందఱిది. అయినను దానిని చౌకగా విప్పు యుక్తులపై క్రొత్త హక్కులు గుట్టలుగా పేర్చబడినవి. శాస్త్రము ధర్మసత్రము వంటిది. అందు వంటచేసికొను పాత్రలు మాత్రము బాడుగవి.

మనకు చేతగాదనువారికి రెండు సంగతులు జ్ఞాపకము చేయుదుము. 1984లో స్థాపింపబడిన సి-డాట్ సంస్థవారు పల్లెటూళ్ల కొఱకు 128 లైన్ల టెలిఫోను ఎక్స్ఛేంజిని రూపించిరి. శీతలయంత్రములు లేకయే వేడిని, దుమ్మును ఓర్చి నడచునట్లు దానిని కట్టిరి. 1986లో కర్ణాటకమందలి కిత్తూరున మొదట నెలకొల్పిరి. అది చౌక యగుటకు కారణము నాసితనము కాదు. పరదేశపు ఎక్స్ఛేంజిలలో మన పల్లెకు పనికిరాని ఖర్చు ఏదియో మనవారికి తెలియుట. రెండవది, సంగారెడ్డి సమీపమున కందియందున్న హైదరాబాదు ఐ.ఐ.టి. వారును మఱికొందఱును, పల్లెలలో ఒక్క టవరు దూరము వరకు పనిచేయుటకై ప్రతిపాదించిన తరంగరూపము 5జీఐ పేర 2021లో అంతర్జాతీయ ప్రమాణములలో స్థానము సంపాదించి, పిమ్మట సామాన్య 5జీ ప్రమాణములో కలిసెను. అది డీకోడరునుగూర్చినది కాదు. అయినను మన పల్లెయొక్క యవసరమునుండి పుట్టిన యాలోచన లోకమున చెల్లునని చూపినది. పరదేశముల మాట యన్నచో, 5జీలో అదుపువార్తల కొఱకు 2016లో ఎన్నుకొనబడిన ధ్రువకోడులను 2009లో ప్రకటించినవాడు తుర్కీదేశపు రాజధాని అంకారాలోని యొక ఆచార్యుడు, ఎర్దాల్ ఆరికాన్. చిప్పుల ఫ్యాక్టరీలకు ఆ దేశ మేనాడును పేరుపడినది కాదు.

ప్రభుత్వమువారు రూపకల్పనకు ప్రోత్సాహమని ప్రకటించిన పథకమున, అర్హమైన ఖర్చులో సగమును, ఒక్కొక్క దరఖాస్తునకు 15 కోట్లకు మించకుండ, తిరిగి యిచ్చుట కేర్పాటున్నది. మంచిదే. కాని తిరిగి యిచ్చుటకు ముందు ఖర్చుపెట్టగలవానికే అది యుపకరించును. చేతిలో యుక్తి యున్నను సొమ్ము లేని యువకుడు మొదటి చిప్పును కట్టించుకొనుటకే గదా తడవుకొనుచున్నాడు. మొహాలీలోని ప్రభుత్వపు సెమీకండక్టరు ప్రయోగశాలయందు 180 నానోమీటర్ల పద్ధతిలో చిప్పులు చేయు వసతి గలదు. అది పాతపద్ధతి యని పెదవి విఱచువారున్నారు. మేము పైన చెప్పిన 2002 నాటి చిప్పు 160 నానోమీటర్లది! సెకండునకు నూఱుకోట్ల బిట్లను దిద్దిన యంత్రము దాదాపు అంతటి పనిముట్టుతోనే పుట్టినదన్నమాట. పనిముట్టు పాతదగుకొలది వైశాల్యమున పొదుపు చేయు నేర్పునకు విలువ హెచ్చును. ఆ నేర్పును నేర్చుటకు అంతకంటె మంచి బడి దొరకదు. మన రెండు తెలుగు రాష్ట్రములందలి ఇంజనీరింగు కళాశాలలలో డీకోడరునుగూర్చి పాఠము చెప్పువారున్నారు. విద్యార్థి దానిని కంప్యూటరుపై నడిపి, గీత నొకదానిని గీసి, పట్టము పుచ్చుకొని పోవుచున్నాడు. ఏటేట ఆఱేడు మంచి రూపములనైనను మొహాలీకి పంపి చేయించి, వచ్చిన చిప్పును పల్లెటూరి టవరునకు తగిలించి, దాని దోషములెన్నో, అది త్రాగిన కరెంటెంతో, అది ఆక్రమించిన చోటెంతో బహిరంగముగ ప్రకటించుటకగు ఖర్చు, 76,000 కోట్ల యెదుట లెక్కలోనికి వచ్చునది కాదు.

టెండరులనుగూర్చి కూడ నొక్కమాట. ప్రభుత్వసంస్థలు టవరు యంత్రములను కొనునప్పుడు తక్కువ ధర వ్రాసినవానికి కట్టబెట్టుట మామూలు. యంత్రము ధరతో పాటు, పదేండ్లలో అది త్రాగు విద్యుత్తును, టవరు వెలుగు అంచున అది విడుచు దోషముల సంఖ్యను గూడ ధరగా కట్టి పోల్చినగాని ఏది చౌకయో తేలదు. డీకోడరుయొక్క దోషముల నేల ఎచ్చట నున్నదో, దానిని అసలు చిప్పుపై కొలిచిరో, కంప్యూటరుపై ఊహించిరో చెప్పుమని అడుగు షరతు ఒక్కటి టెండరులో చేర్చుటకు కొత్తచట్ట మక్కఱలేదు. అడిగిననాడు, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారిని వెదకుకొనుచు కంపెనీలే మన కళాశాలల ద్వారములకు వచ్చును. రాబోవు కొనుగోళ్లలో బి.ఎస్.ఎన్.ఎల్. వారు ఈ షరతును మొదట చేర్తురేని, మిగిలిన సంస్థలు దానిని కాదనుటకు కారణము చూపవలసి వచ్చును.